ముందు దుప్పటి కప్పారు

హిరా గుహలో తొలి దివ్యవాణి అవతరించిన రోజున దైవప్రవక్త ముహమ్మద్ (స) వణకుతూ ఇంటికి చేరుకున్నారు. దుప్పటి కప్పమని కోరారు. హజ్రత్ ఖదీజా (రజి) ఇంట ముందు జరిగింది ఆ పనే. భయం తగ్గాక ఆయన చెప్పిందంతా ఆమె విన్నారు. తనకేమవుతుందోనన్న ఆందోళన ఆయన వెల్లడించగా, బంధువులను ఆదరించడం, నిస్సహాయుల భారం మోయడం వంటి ఆయన సద్గుణాలనే గుర్తుచేసి ఓదార్చారు. ఆ పిమ్మట, విషయజ్ఞానం గల వరఖా బిన్ నౌఫల్ వద్దకు స్వయంగా తీసుకువెళ్ళారు.

ఈ ఉదంతం మనమెన్నోసార్లు విన్నదే. కానీ కలతపడిన మనిషితో ఇంటివారు మెలగవలసిన తీరు అందులో ఉందని ఎంతమందిమి గమనించాం?

వుజూ విషయమే తీసుకుందాం. ఒక యువకుడు చేతులు కడిగి, తడవలేదేమోనని మళ్ళీ కడుగుతాడు. తల తుడిచానా లేదా అని సందేహించి మొదటినుంచి ఆరంభిస్తాడు. జమాఅత్ ముగిసిపోతుంది, అతడింకా కుళాయి వద్దే ఉంటాడు. తొలుత ఇంటివారు దానిని దైవభీతిగా భావించి మురిసిపోతారు. తర్వాత విసుక్కుంటారు. చివరకు ఎవరో ఏదో చేయించారంటూ తావీజుల కోసం తిరుగుతారు. ఇన్నాళ్ళూ ఆ అబ్బాయి ఒంటరివాడే.

మన పూర్వీకులకు ఈ బాధ తెలియనిది కాదు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ తన 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్' గ్రంథంలో దేహారోగ్యానికి ఒక భాగం, మానసిక ఆరోగ్యానికి మరో భాగం కేటాయించారు. కోపం, భయం, దుఃఖాలతోపాటు వస్వసాను ప్రత్యేకంగా చర్చించి, దానితో బాధపడేవారు ఏకాంతాన్ని విడిచి మనుషుల మధ్య మెలగాలని సూచించారు.

విశ్వాసాన్ని గౌరవించే కౌన్సెలర్ అతడిని నమాజు మానమనరు, ప్రసంగమూ చేయరు. తల్లిదండ్రులను కూడా కూర్చోబెట్టుకుంటారు. "అమ్మీ, సరిగ్గా కడిగానా?" అని అడిగిన ప్రతిసారీ "కడిగావు బేటా" అని తల్లి చెబుతుంటే సందేహం క్షణకాలం తగ్గి, మరింత బలంగా తిరిగివస్తుంది. అందుకే జవాబివ్వకుండా, కసురుకోకుండా పక్కన నిలబడడం ఆమెకు నేర్పుతారు. కన్నతల్లికి ఇది ఎంత కష్టమో ఊహించవచ్చు! ఓదార్పు ప్రతిచోటా ఒకే రూపంలో ఉండదు మరి.

అవసరమైతే ఒక ఆలిం సాయమూ తీసుకుంటారు. అనుమానం వల్ల నిశ్చయం తొలగిపోదన్నది ఫిఖహ్ సూత్రం. దైవప్రవక్త (స) ఒక ముద్ద్, అంటే లీటరుకు మించని నీటితో వుజూ చేసేవారని హదీసులు తెలుపుతున్నాయి. ఆ మాట ఆలిం నోట ఒక్కసారి స్పష్టంగా వింటే చాలు. రోజూ వెళ్ళి అడిగితే అదీ వస్వసాలో భాగమైపోతుంది. వ్యాధి తీవ్రమైతే మానసిక వైద్యుడు మందులిస్తారు. వాటిని వాడడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

ఎవరిని అడగాలో తెలియని కుటుంబాలకు ప్రభుత్వ టెలీ మానస్ సేవ ఉంది. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవ 14416 నంబరుపై రాత్రింబవళ్ళు, తెలుగులోనూ లభిస్తుంది. బాధితుడే ఫోన్ చేయనవసరం లేదు, తల్లి చేసినా మాట్లాడతారు.