‘స్పూకీ’ ఎవరిది?

సదరన్ రాక్ అనగానే మనవాళ్లకి మూడు గిటార్లు, పొడుగు జుట్టు, ఓ విమాన ప్రమాదం గుర్తొస్తాయి. అట్లాంటా రిథమ్ సెక్షన్ పేరెత్తితే మాత్రం “వాళ్లా? స్టూడియో ప్లేయర్లు బాస్, మరీ నున్నగా ఉంటుంది” అని తీసిపారేస్తారు. మొన్న ఓ మిత్రుడూ అదే అన్నాడు. అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను.

ఆ బ్యాండ్ గిటారిస్టు జె.ఆర్. కాబ్‌నే తీసుకుందాం. అంతకుముందు క్లాసిక్స్ ఫోర్‌లో ఉండేవాడు. ‘స్పూకీ’ మొదట మాటల్లేని శాక్సఫోన్ బాణీ. దానికి బడ్డీ బ్యూయీతో కలిసి కాబ్ మాటలు కట్టాడు. 1968లో అది బిల్‌బోర్డ్‌లో 3వ స్థానం దాకా వెళ్లింది. ఆ వెనకే వీళ్లు రాసిన ‘స్టార్మీ’ 5, ‘ట్రేసెస్’ 2. ఫలితం? బ్యాండ్ పేరుకి గాయకుడు డెన్నిస్ యోస్ట్ పేరు తగిలించారు. యోస్ట్ గొంతు బావుంటుంది, కాదనను. కానీ డెమో ఇచ్చినవాడికి చప్పట్లు, కోడ్ రాసినవాడికి బగ్గులు అనే పద్ధతి నాకు ఆఫీసులో రోజూ కనబడేదే. ఒళ్లు మండేది అందుకేనేమో.

ఇక ఆ ‘నున్నదనం’ సంగతి. జార్జియాలోని డోరావిల్‌లో 1970లో మొదలైన స్టూడియో వన్ వెనక బ్యూయీ, కాబ్ ఉన్నారు. అట్లాంటా రిథమ్ సెక్షన్ పుట్టింది అక్కడ వాయించేవాళ్లలోంచే. మనం ‘పచ్చి’ సంగీతమని మొక్కే లినర్డ్ స్కినర్డ్ మొదటి ఆల్బమ్ 1973లో రికార్డయింది కూడా ఆ గదుల్లోనే. పైగా వాళ్లు సోలోలు సైతం ముందే కట్టుకుని, రోజుల తరబడి సాధన చేసి వచ్చే రకం. మరి పచ్చిదనం ఎక్కడ్నుంచి ఊడిపడింది? అదీ చెక్కి చేసిందే. ఒకరు ఉలి గాట్లు ఉంచుతారు, ఇంకొకరు చెరిపేస్తారు. అంతే తేడా.

అట్లాంటా వాళ్ల ఆల్బమ్‌లలో నిద్రపుచ్చే పాటలూ ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ 1979లో వాళ్లు మళ్లీ చేసిన ‘స్పూకీ’ని పాతదాని పక్కన పెట్టి వినండి. శాక్సఫోన్‌కి బదులు బారీ బెయిలీ గిటార్. తొందర లేదు, ఒక్క స్వరం ఎక్కువ లేదు. ఇది ప్రాణం లేని వాయింపు అనేవాళ్లు హెడ్‌ఫోన్స్ మార్చుకోవాలి.

2019లో కాబ్ పోయాడు. నా ఫీడ్‌లో ఒక్క పోస్టు లేదు. ‘ఫ్రీ బర్డ్’ వీడియోలు మాత్రం ఎప్పటిలాగే తిరుగుతున్నాయి.