పెట్టె దాచేది ఊర్లోనా, గేరిలోనా?

2000 మే 2న అమెరికా ప్రభుత్వం ఉపగ్రహాల లెక్కలో తానే కలిపిన తప్పును తీసేసింది. అంతవరకు 100 మీటర్లదాకా తేడా చూపే యంత్రం 20 మీటర్లలోపు చోటు చూపసాగింది. మర్నాడే ఒకాయన ఆరెగాన్ రాష్ట్రంలో బకెట్టు దాచి, అక్షాంశ రేఖాంశాలు లోకానికి చెప్పినాడు. అట్లా పుట్టింది జియోకాచింగ్ ఆట. అంకెలు పట్టుకొని వెతకాల, దొరికిన పెట్టెలోని పుస్తకంలో పేరు రాయాల, తీసినచోటే పెట్టేయాల.

చీలిన నగరాలను తెలుసుకోవడానికి ఇదొక మంచి దారి అంటున్నారు. 1974 నుంచి రెండు ముక్కలైన సైప్రస్ రాజధాని నికోసియాలో, గోడలు లేచిన బెల్‌ఫాస్టులో, అవతలి వీధిలో పెట్టె ఉందంటే ఇవతలివాడు అడుగు పెడతాడని ఆశ. ఆశ మంచిదే. కానీ మన కణేకల్ వైపు ఈ ఆట ఎవరు ఆడగలరు?

మనకు ముళ్ళకంచె లేదు, చెక్‌పోస్టు లేదు. ఊరుంది, గేరి ఉంది. ఏ పటంలోనూ ఆ గీత ఉండదు, పసిబిడ్డకు కూడా అదెక్కడుందో తెలుసు. నికోసియాలో 2003లో దాటే దారులు తెరిచినారు, కాగితం చూపితే పంపుతారు. ఇక్కడ కాగితం అడగరు. "ఎవరి కొడుకువిరా?" అంటారు.

గేరి పిల్లోడు రచ్చకట్ట కింద, గుడి గోడ సందుల్లో చెయ్యిపెట్టి వెతికితే ఆట అంటారా, దొంగతనం అంటారా? అదే పట్నంనుంచి ప్యాంటు వేసుకొచ్చినాయన వెతికితే "ఏం పోయింది సార్?" అని మంచినీళ్ళిస్తారు. ఉపగ్రహానికి కులం తెలీదు. దారికి తెలుసు. హగరి ఇసుక గాలికి లేచి ఎవరి చేనైనా కప్పుతుంది. మనిషే చూసి చూసి నడవాల.

ఊరికే నడవటానికి కూడా పోరాడాల్సి వచ్చింది. 1924లో వైకోంలో గుడి చుట్టూ రోడ్డు మీద నడవడానికే సత్యాగ్రహం చేసినారు. మన దారికి అడ్డం నిలబడటం నేరమని 1989 అత్యాచారాల నిరోధక చట్టం చెబుతోంది. చట్టం పుస్తకంలో ఉంది, దారి ఊరోళ్ళ చేతుల్లో ఉంది.

అందుకే మేము అనేదేమంటే, ఆట ఆడండి, తలకిందులు చేసి ఆడండి. మొదటి పెట్టె గేరిలో పెట్టండి. ఊరి పిల్లలు, వాళ్ళ అయ్యవార్లు వెతుక్కుంటూ రానీ. పుస్తకంలో పేరొక్కటే రాసి పోవద్దు, గేరి ఇంట్లో నీళ్ళు తాగినారో లేదో అదీ రాయాల. రెండో పెట్టె రచ్చకట్ట దగ్గర. దాన్ని మన పిల్లలు పట్టపగలు, చెప్పులేసుకొని పోయి తీయాల.

ఆరోజు ఎవరూ "ఎవరి కొడుకువి" అనకపోతే సంతోషం. అన్నారా, గీత ఎక్కడుందో అంకెలతో సహా మన చేతికొచ్చినట్టే. అదే పుస్తకంలో రాసి కలెక్టరు బల్లమీద పెడదాం.