బేరం ఆడాల్సిన చోటు అది కాదు

"ఎంత తక్కువలో వెళ్ళొచ్చామో తెలుసా!" అని చెప్పుకోవడం ఈ మధ్య పెద్ద గొప్పయిపోయింది. మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో రెండు నెలలుగా ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్ గురించే చర్చ. ఫలానా కంపెనీ ఇంతంది, ఇంకో కంపెనీ పదివేలు తగ్గించింది, మూడోవాళ్ళు రెండు రోజులు తగ్గించి ఇంకా చవగ్గా తీసుకెళ్తారట, నలుగురికీ కలిపి ఒక్క పోర్టర్ చాలట! చదివి చదివి ఒళ్ళు మండి ఇది రాస్తున్నాను.

వెళ్ళొద్దని కాదు సుమా. చీటీ పాడుకున్న డబ్బుతో రెండేళ్ళ క్రితం నేనూ మా చెల్లీ వెళ్ళొచ్చాం. "ఆ డబ్బుతో రెండు గాజులు వచ్చేవి కదే" అన్న మా అత్తగారికి అప్పుడేం చెప్పానో ఇంకో పోస్టులో రాస్తాను. ఇప్పుడు నా గొడవ బేరం గురించి.

బేరమాడటంలో మనల్ని మించినవాళ్ళు లేరు, తప్పూ లేదు. కానీ గ్యాస్ స్టవ్వుకి నాసిరకం ట్యూబు కొంటామా? కుక్కర్‌కి పది రూపాయలు తక్కువని చచ్చు గాస్కెట్ వేస్తామా? ఎక్కడ తగ్గించొచ్చో, ఎక్కడ తగ్గిస్తే ఇల్లు కాలుతుందో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. మరి కొండ దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివంతా ఏమైపోతోంది?

ప్యాకేజీ ధరలో ఏముంటుందో ఒకసారి విప్పి చూడండి. లుక్లా విమానం టికెట్ ఉంటుంది. మీరు బతిమాలారని ఆ విమానం వాడు తగ్గించడు. సాగరమాథా నేషనల్ పార్కు రుసుం ఉంటుంది. సార్క్ దేశాల వాళ్ళకి పన్ను కాకుండా 1,500 నేపాలీ రూపాయలు. మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయల లెక్కన అది వెయ్యి లోపే. లాడ్జి గది అద్దె ఎలాగూ పెద్ద మొత్తం కాదు, తిండిదే ఖర్చు. ఇక మిగిలినవి రోజులు, గైడు, పోర్టర్. మీకు తగ్గించిన పదివేలు ఈ మూడింట్లోంచే రావాలి, కంపెనీ వాడు తన జేబులోంచి తీసి ఇవ్వడు.

ముందు రోజుల సంగతి. లుక్లా 2,860 మీటర్లు, నామ్చే 3,440, డింగ్‌బోచే 4,410, బేస్ క్యాంప్ 5,364. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఎక్కకుండా ఆగాలనీ డాక్టర్లు చెబుతారు. అందుకే సరిగ్గా వేసిన ప్రయాణంలో నామ్చేలో రెండు రాత్రులు, డింగ్‌బోచేలో రెండు రాత్రులు ఉంటాయి. కాగితం మీద చూస్తే అవి 'ఖాళీ' రోజుల్లా కనిపిస్తాయి. నిజానికి ఆ రోజుల్లోనే మన రక్తం ఆ పల్చటి గాలికి అలవాటు పడుతుంది. వాటిని తీసేస్తే ముందు తలనొప్పి, వాంతులు. అప్పుడు కూడా కిందికి దిగకపోతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం, మెదడు వాయడం. వీటిలో ఏదైనా ప్రాణం తీయగలదు.

ఈ రోజులు తగ్గించమని అడిగేది కంపెనీలు మాత్రమే కాదు, మనమే. "పది రోజులు దాటితే ఇంట్లో కుదరదండీ" అని గ్రూపులో ఎంతమంది రాశారో లెక్కపెట్టాను, ఏడుగురు. పిల్లల పరీక్షలు, మామగారి షుగరు మందులు, పనమ్మాయికి తాళం ఎవరిస్తారు, ఆయనకి కాఫీ కూడా పెట్టుకోవడం రాదు. అంటే ఆ ఎత్తులో మన శరీరానికి ఎన్ని రోజులు కావాలో తేల్చేది డాక్టరూ కాదు, గైడూ కాదు, మన వంటిల్లు! మగవాళ్ళు ఆఫీసులో సెలవు రోజులు చూసుకుని ప్యాకేజీ ఎంచుకుంటారు. మనం ఇంట్లోవాళ్ళ ఓపిక చూసుకుని ఎంచుకుంటున్నాం. ఆయనకి కాఫీ పెట్టడం నేర్పండి. దానికి పైసా ఖర్చు లేదు.

ఇక పోర్టర్. నలుగురి సామాను, మనిషికి పది పన్నెండు కిలోలే అనుకున్నా, నలభై దాటుతుంది. ఆపైన అతని సొంత మూట. నేపాల్‌లో ఒక పోర్టర్ 30 కిలోలకి మించి మోయకూడదని ఇంటర్నేషనల్ పోర్టర్ ప్రొటెక్షన్ గ్రూప్ ఎప్పట్నుంచో చెబుతోంది. ఆ సంస్థ ఎందుకు పుట్టిందో తెలుసా? 1997లో ఎత్తు జబ్బు చేసిన ఒక నేపాలీ పోర్టర్‌కి లెక్క తేల్చి, ఒంటరిగా కిందికి పంపేశారు. అతను చనిపోయాడు. ఆ చావు చూసి పెట్టిన సంస్థ అది. "వాళ్ళకి అలవాటేనండీ, కొండల్లో పుట్టినవాళ్ళు" అని మా గ్రూపులోనే ఒకావిడ రాశారు. పోర్టర్లందరూ షెర్పాలు కారు. చాలామంది కింది లోయల్లోని పల్లెల నుంచి పని కోసం వచ్చినవాళ్ళు. మనకొచ్చే తలనొప్పి వాళ్ళకీ వస్తుంది. చెబితే పని పోతుందని చెప్పరు, అంతే తేడా.

ఇక్కడ నాకు బాగా గుచ్చుకునే మాట ఒకటుంది. ప్యాకేజీ కాగితంలో 'పోర్టర్ ఇన్‌క్లూడెడ్' అని రాస్తారు. భోజనం ఇన్‌క్లూడెడ్, పర్మిట్ ఇన్‌క్లూడెడ్, మనిషి ఇన్‌క్లూడెడ్. ఇంటి బడ్జెట్ రాసేటప్పుడు పాలు, కరెంటు, స్కూలు ఫీజు అన్నిటికీ ఒక్కో గీత ఉంటుంది. పొద్దున ఐదింటికి లేచే మనకి ఏ గీతా ఉండదు. మనమూ ఇన్‌క్లూడెడే. ఆ లెక్కలోకి రాని చాకిరీ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళం. మనమే ఇంకొకరి వీపుని 'ఇన్‌క్లూడెడ్'లో కలిపేసి, దాని మీద బేరమాడి, స్క్రీన్‌షాట్ పెట్టుకుంటే ఎలా?

చవక ప్యాకేజీ చివరికి చవకా కాదు. అతి తక్కువ ధరకి జనాన్ని కొండెక్కించి, కాస్త తలనొప్పి అనగానే భయపెట్టి హెలికాప్టర్ ఎక్కించి, ఆ బీమా బిల్లులో కమీషన్లు పంచుకునే దందా నేపాల్‌లో బయటపడింది. 2018లో అక్కడి ప్రభుత్వమే దానిపై విచారణ జరిపించింది. మన దగ్గర తగ్గించినట్టే తగ్గించి, మన జబ్బు మీద రాబట్టుకున్నారన్నమాట. అలాగని బీమా మానేస్తే ఇంకా ప్రమాదం. మామూలు ట్రావెల్ పాలసీలు చాలావాటిలో ఎత్తు పరిమితి ఉంటుంది, ఐదు వేల మీటర్ల పైన ట్రెక్కింగ్‌కి వర్తిస్తుందని రాతపూర్వకంగా చూసుకుని మరీ కొనండి.

హుద్‌హుద్ గుర్తుందా? 2014 అక్టోబరు 12న విశాఖని ఊడ్చేసిన తుఫాను. మనం కరెంటు కోసం, పాల ప్యాకెట్ల కోసం తిరుగుతున్న రోజుల్లోనే ఆ తుఫాను మిగులు ఉత్తరానికి పోయి, రెండు రోజుల తర్వాత నేపాల్‌లో అన్నపూర్ణ దారిలో మంచై కురిసింది. 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమ చుట్టుపక్కల 40 మందికి పైగా చనిపోయారు. విదేశీ ట్రెక్కర్లున్నారు, గైడ్లున్నారు, పోర్టర్లున్నారు. అలాంటి రోజున "ఇవాళ కదలొద్దు" అనగలిగే గైడు కావాలి. అతను ఆ మాట అనగానే ఆగిపోవడానికి మన లెక్కలో ఒకటి రెండు రోజులు అదనంగా ఉండాలి. తిరుగు టికెట్ మర్నాటికే ఉన్నవాళ్ళు గైడు మాట వినరు, వాతావరణం సంగతి వాళ్ళే తేల్చేస్తారు. లుక్లాలో మబ్బు పడితే విమానాలు రోజుల తరబడి ఆగిపోవడం కూడా మామూలే.

"డబ్బున్నవాళ్ళ మాటలు" అంటారేమో. నాకూ తెలుసు, చీటీ డబ్బుతో వెళ్ళినదాన్ని. తగ్గించుకునే చోట్లు బోలెడున్నాయి. విజయవాడ, వరంగల్ మీదుగా గోరఖ్‌పూర్‌కి రైళ్ళున్నాయి, అక్కణ్ణుంచి సునౌలీ సరిహద్దు దాటి బస్సులో కాఠ్మండు చేరొచ్చు. విమానం ఖర్చులో చాలా మిగులుతుంది. డౌన్ జాకెట్టు, స్లీపింగ్ బ్యాగు కొనకండి, కాఠ్మండు థమేల్ వీధుల్లో అద్దెకిస్తారు. బూట్లు మాత్రం ఇక్కడే కొని రెండు నెలలు వేసుకుని తిరగండి, కాలికి అలవాటు కావాలి. పైన వేడినీళ్ళ స్నానానికీ, ఫోను ఛార్జింగుకీ, వైఫైకీ విడివిడిగా వసూలు చేస్తారు, పైకి పోయేకొద్దీ ధర పెరుగుతుంది. అవి మానేయొచ్చు. దాల్ భాత్ తింటే మళ్ళీ వడ్డిస్తారు, పిజ్జా తింటే వడ్డించరు (ఆ ఎత్తులో ఆ పిజ్జా గురించి నేను మాట్లాడను). ఇవన్నీ చేసినా చాలకపోతే ఇంకో ఏడాది ఆగండి. లేదా ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ఉంది, 3,810 మీటర్లు. మంచూ ఉంటుంది, శిఖరమూ ఉంటుంది, ఖర్చులో పోలికే లేదు.

డబ్బు కట్టే ముందు కంపెనీకి ఫోన్ చేసి అడగండి. ఒక్కో పోర్టర్ ఎన్ని కిలోలు మోస్తాడు, అతనికి బీమా ఎంతకి చేయించారు, రాత్రి ఎక్కడ పడుకుంటాడు, చలికోటు ఎవరిస్తారు, జబ్బు చేస్తే కిందికి అతనితో ఎవరు వెళ్తారు. నేను నాలుగు కంపెనీలని అడిగాను. ఇద్దరు వెంటనే చెప్పారు, ఒకరు "మేడమ్, మీకెందుకు అవన్నీ" అన్నారు, ఇంకొకరు మళ్ళీ ఫోనెత్తలేదు. ఎవరితో వెళ్ళాలో అక్కడే తేలిపోయింది.

టిప్పు సంగతి కూడా బయల్దేరే ముందే లెక్కలో రాసుకోండి. ఆఖరి రోజు పర్సులో మిగిలింది ఇచ్చేది కాదది. మేం కాఠ్మండులోనే నేపాలీ నోట్లు మార్చుకుని, గైడుకొకటి, పోర్టర్‌కొకటి రెండు కవర్లలో పెట్టి, బ్యాగు అడుగున మందుల డబ్బా పక్కన సర్దేశాం. దారిలో షాపింగుకి అందులోంచి తీద్దామని మా చెల్లి రెండుసార్లు అడిగింది. నామ్చే బజారులో, అదీ ఒక శాలువా కోసం.