అలీభాయ్ ఒక్కడే, శిక్ష అందరికీ

2006లో 'పోకిరి' వచ్చింది. పూరి జగన్నాథ్ సినిమా. జనం విరగబడి చూశారు. మా ఉదయగిరి, ఆత్మకూరు సాయిబుల పిల్లలూ చూశారు, ఈలలు వేశారు. హైదరాబాదు వీధుల్లో దందాలు, హత్యలు. వాటి వెనక దుబాయ్‌లో కూచున్న డాన్. వాడి పేరు అలీభాయ్. ఇంకేం పేరుంటుంది?

'అందులో నారాయణ అనే ముఠా నాయకుడు లేడా? లంచగొండి పోలీసు పశుపతి లేడా?' అని మిత్రులు లెక్కలు తీస్తారు. ఉన్నారు. హాలు నుంచి బయటికొచ్చిన వాడెవడైనా ఆ పేర్లున్న మనిషిని చూసి జంకాడా? అద్దెకి ఇల్లివ్వనన్నాడా? నారాయణ పాపం నారాయణతోనే పోయింది. అలీభాయ్ పాపం మాత్రం మా ఉమ్మడి ఆస్తి. అడక్కుండానే మా గడపగడపకీ పంచిపెడతారు.

సినిమా అంతా చంపుకుంటూ పోయిన పండు చివర్న ఐపీఎస్ కృష్ణమనోహర్ అని తేలతాడు. అంతే, చేసిన హత్యలన్నీ డ్యూటీ అయిపోతాయి. అలీభాయ్‌కి అలా ఇంకో పేరుతో తేలే వీలుందా?

పోలీస్ కమిషనర్ సయ్యద్ మహ్మద్ పాషా ఖాద్రీ మంచివాడే కదా అంటారు. నా గొడవంతా అక్కడే. డాన్ మనుషులు ఆయన కూతుర్ని ఎత్తుకుపోయి, మత్తుమందిచ్చి, అసభ్యంగా వీడియో తీసి బెదిరిస్తారు. చెడ్డ ముస్లిం చేతిలో నలిగితే తప్ప మంచి ముస్లిం మంచితనం రుజువు కాదు. 2002లో కృష్ణవంశీ 'ఖడ్గం'లో ఆటో నడిపే అంజాద్‌కీ ఇదే పరీక్ష, తమ్ముడు టెర్రరిస్టు. ఆ అంజాద్, ఈ అలీభాయ్ ఇద్దరూ ప్రకాష్‌రాజే. బాగా చేశాడు, కాదనను. కానీ మా అందరికీ కలిపి ఉన్నవి ఆ రెండు వేషాలేనా?

మూడో మనిషి కావాలంటే ఉదయగిరి రండి. అక్కడ దిలావర్‌భాయ్ వీధి ఉంది. పేరులో భాయ్ ఉన్నాడని భయపడకండి, భాయ్ అంటే తోబుట్టువు. ఆ ఇళ్లల్లో ఆడవాళ్లు దుర్గం కొండల నుంచి వచ్చిన నర్ది, బిక్కి కర్రతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కుతారు. చేతులు కాయలు కాసిపోతాయి. ఆ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, చెక్కిన మనుషులకి ఏ గుర్తింపూ రాలేదు. మా దగ్గర్నుంచి గల్ఫు పోయినోళ్లూ ఉన్నారు. డ్రైవర్లుగా, ఇళ్లల్లో పనిమనుషులుగా. ఒక్కడూ డాన్ కాలేదు. ఆత్మకూరు దగ్గర ఏ.ఎస్.పేట దర్గాకి జబ్బు మనిషిని తీసుకొచ్చే హిందువులు మమ్మల్ని చూసి బెదరరు, కష్టం చెప్పుకుంటారు.

వీళ్లలో కథ లేదా? దుబాయ్ దాకా ఊహించగలిగిన దర్శకులకి చెబుతున్నాను, నెల్లూరు నుంచి ఉదయగిరికి బస్సుంది.