గేటు ముందు గన్నేరు

"మా వీధికి కొత్తగా సిమెంటు రోడ్డు వేశారు. రోడ్డుకీ మా ప్రహరీగోడకీ మధ్య మూడడుగుల వెడల్పున మట్టి జాగా మిగిలింది. ఊరికే వదిలేస్తే ఎదురింటివాళ్ళూ పక్కింటివాళ్ళూ చెత్త పోస్తున్నారు. అక్కడ ఏవైనా మొక్కలు వేద్దామని ఉంది. మా మామగారు పచ్చగన్నేరు వెయ్యమంటున్నారు. నీళ్ళు పొయ్యక్కర్లేదు, పశువు ముట్టదు, ఏడాది పొడుగునా పూజకి పూలు వస్తాయి అంటారు. మాకు ఆరేళ్ళ బాబు, మూడేళ్ళ పాప. ఇది డాక్టర్ని అడగవలసిన ప్రశ్న అవునో కాదో తెలియదు" అని ఒక సోదరి ఉత్తరం రాశారు.

డాక్టర్ని అడగవలసిన ప్రశ్నే. ఇంకా చెప్పాలంటే, మొక్క నాటకముందే అడిగినందుకు ఆమెని మెచ్చుకోవాలి. మా దగ్గరికి సాధారణంగా నాటిన అయిదారేళ్ళకి వస్తారు, అదీ పిల్లవాణ్ణి భుజాన వేసుకుని.

మామగారు చెప్పిన మూడు గుణాలూ నిజమే. కాని ఆ రెండో గుణం దగ్గర కాస్త ఆగండి. పశువు ఎందుకు ముట్టదు? వీధిలో తిరిగే ఆవు గోడమీది సినిమా పోస్టరు కూడా పీకి నములుతుంది. మేక సంగతి చెప్పనే అక్కర్లేదు. అలాంటి జీవాలు మూతి పెట్టకుండా పక్కనుంచి పోతున్నాయంటే ఆ ఆకులో ఏదో ఉందన్నమాట. ఆవుకి తెలిసిన ఆ సంగతి మన మూడేళ్ళ పాపకి తెలియదు.

గన్నేరుపప్పు అన్న మాట వినని తెలుగువారుండరు. ఆ పప్పు ఉండేది ఈ పచ్చగన్నేరు కాయలోనే అని మాత్రం చాలామందికి తట్టదు. గంటల్లాంటి పసుపుపచ్చ పూలు, సన్నని నిగనిగలాడే ఆకులు, ఆకుపచ్చని మూలల కాయలు. కాయ ఎండి నల్లబడి రాలితే లోపల గట్టి టెంక. ఆ టెంకలు చేతిలో పట్టుకోవడానికి వీలుగా ఉంటాయి కనక ఆడపిల్లలు ఆటలకి ఏరుకుంటారు. విషం గింజలో ఎక్కువ. అలాగని ఆకు, పువ్వు, బెరడు, పాలు మంచివని కాదు. ఎర్రగన్నేరు, తెల్లగన్నేరు కూడా ఈ విషయంలో దీనికి చుట్టాలే.

ఈ విషం ఏం చేస్తుందో చెబుతాను. గుండె జబ్బుకి మేము డిగాక్సిన్ అనే మందు ఇస్తాం. మాత్రలో ఉండేది 0.25 మిల్లీగ్రాము మాత్రమే. అంత సూక్ష్మంగా కొలిచి ఇస్తూ కూడా రోగి నాడి చూసుకుంటూ ఉంటాం, ఎందుకంటే మోతాదు కాస్త మించితే అదే మందు గుండె లయ తప్పిస్తుంది. గన్నేరులో ఉన్నవి ఆ జాతి పదార్థాలే. చెట్టు కొలత వేసి ఇవ్వదు గదా! గుండె పై గదుల నుంచి కింది గదులకి వెళ్ళవలసిన విద్యుత్తు సంకేతం మధ్యలో ఆగిపోతుంది. నాడి నెమ్మదిస్తుంది, ఆగి ఆగి కొట్టుకుంటుంది. మొదట కనిపించేవి మాత్రం వాంతులు, కడుపునొప్పి, నీరసం. ఇక్కడే అందరం మోసపోతాం.

కొన్నేళ్ళ క్రితం నేనొక ఏరియా ఆసుపత్రిలో పనిచేస్తుండగా సాయంత్రం వేళ అయిదేళ్ళ కుర్రవాణ్ణి తీసుకువచ్చారు. ఆగకుండా వాంతులు. మధ్యాహ్నం పెళ్ళిభోజనం చేశాడని తల్లి చెప్పింది. భోజనం పడలేదనుకున్నాను. సెలైను పెట్టించి పక్క వార్డుకి వెళ్ళాను. అరగంట తరవాత స్టాఫ్ నర్సు వచ్చి "సార్, నాడి ఒకసారి చూడండి" అంది. నిమిషానికి 48. వాంతులతో ఒళ్ళు ఎండిపోయిన పిల్లవాడి నాడి పరుగెత్తాలి, ఇలా కుంటకూడదు. అప్పుడు అక్కని పిలిచి బుజ్జగించి అడిగితే చెప్పింది. బువ్వాలాట ఆడారు. గేటు ముందు రాలిన టెంకలు రాయితో కొట్టి, లోపలి పప్పు జీడిపప్పని వడ్డించుకున్నారు. తను చేదని ఉమ్మేసింది. తమ్ముడు పెళ్ళికొడుకు కనక మర్యాదకి నమిలి మింగాడు.

మా దగ్గర ఉన్న మందులిచ్చి, ఇ.సి.జి. కాగితం చేతికిచ్చి, 108 బండిలో పెద్దాసుపత్రికి పంపాం. అక్కడ గుండెకి తాత్కాలికంగా పేస్‌మేకరు తీగ వేశారు. ఆరో రోజున ఇంటికి వచ్చాడు. మొదటి అరగంట నేను పోగొట్టిందే. మర్నాడు ఆ పిల్లవాడి తాతగారు మా గది గుమ్మంలో నిలబడి, "నేనే నాటాను డాక్టరుగారూ, వాడు పుట్టిన ఏడు" అన్నారు. ఆయనకి నేనేమీ జవాబు చెప్పలేకపోయాను.

అందుకని ఉత్తరం రాసిన సోదరికి నా సలహా ఒక్కటే. మామగారికి ఇక్కడి దాకా చదివి వినిపించండి. మనవడి మీద ప్రేమతో నాటుతానన్నవారు ఆ ప్రేమతోనే మానేస్తారు.

పిల్లలు ఏదైనా మొక్క నమిలారని అనుమానం వస్తే ఏం చెయ్యాలో కూడా చెప్పుకుందాం. నోట్లో మిగిలింది వేలితో తుడిచెయ్యండి, నీళ్ళతో పుక్కిలించనివ్వండి. ఉప్పునీళ్ళు తాగించి, గొంతులో వేలు పెట్టి వాంతి చేయించవద్దు. చింతపండు పులుసు, పేడనీళ్ళు, పచ్చి గుడ్డు ఇవేవీ పొయ్యవద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే అది మరో ప్రాణాపాయం. 108కి ఫోను చేసి, ఇ.సి.జి. తీయగల ఆసుపత్రికి పదండి. వెళ్ళేటప్పుడు ఆ మొక్క రెమ్మ, కాయ ఒక సంచిలో వేసుకెళ్ళండి. మేము వంద ప్రశ్నలడిగి తెలుసుకునేది ఆ రెమ్మ ఒక్కక్షణంలో చెబుతుంది. పిల్లవాడు వాంతులు తగ్గి ఆడుకుంటున్నా గన్నేరు విషయంలో ఒక రోజైనా ఆసుపత్రిలో ఉంచవలసిందే. గుండె లయ ఆలస్యంగా కూడా తప్పవచ్చు.

"వినాయకచవితి పత్రిలో కరవీరం ఉంది, దత్తూరం ఉంది, అర్కం ఉంది, మరి అవన్నీ విషాలేనా?" అని మీరు అడగవచ్చు. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు మూడూ విషాలే. దేవుడికి సమర్పించడం వేరు, పిల్లలు ఆడుకునేచోట పెంచడం వేరు. ఉమ్మెత్త గింజలు తిన్న పిల్లవాడి మొహం ఎర్రబడుతుంది, నోరు ఎండుతుంది, కంటిపాప పెద్దదవుతుంది, సంధి పేలాపన మొదలవుతుంది. దయ్యం పట్టిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళి ఆలస్యం చేసేవారున్నారు. ఇక జిల్లేడు ఆకు తుంచేటప్పుడు పాలు కంట్లో చిందితే ఒక్కొక్కసారి మంట కూడా పెద్దగా ఉండదు. కొన్ని గంటలకి చూపు మసకేస్తుంది. వెంటనే మంచినీళ్ళ ధార కింద పావుగంట కన్ను కడిగి కంటి డాక్టరుకి చూపించాలి. ఆముదం, చనుబాలు లాంటివి వెయ్యవద్దు. పత్రి కోసిన చేతులతో కళ్ళు నులుముకోవద్దని పిల్లలకి ముందే చెప్పండి.

కంచెకని వేసే నేపాళం, అదే అడవి ఆముదం, మరో రకం దొంగ. గన్నేరు చేదు కనక చాలామంది పిల్లలు ఉమ్మేస్తారు. దీని గింజ వేరుశనగపప్పులా తియ్యగా ఉంటుంది. అందుకే ఒకడు తిని నలుగురికి పంచుతాడు, నలుగురూ వాంతులూ విరేచనాలతో ఒకేసారి ఆసుపత్రికి వస్తారు. వేళకి సెలైను అందితే సాధారణంగా కోలుకుంటారు. గురివింద తీగ కంచెమీద పాకి ఉంటే పీకెయ్యండి. ఎర్రని గింజకి నల్లని బొట్టు చూసి ఏ పిల్ల ఊరుకుంటుంది?

బిళ్ళగన్నేరు గురించి భయపడవద్దు. పేరులో గన్నేరు ఉంది కాని దానిలో ఈ గుండె విషం లేదు. పిల్లలకి వచ్చే రక్తపు కాన్సరుకి వాడే విన్‌క్రిస్టిన్ మందు ఆ మొక్క నుంచి వచ్చిందే. అలాగని షుగరు జబ్బు తగ్గుతుందని రోజూ పరగడుపున దాని ఆకులు నమిలే పెద్దలు కొందరున్నారు. అది మానండి. కాన్సరు మందు తీసే మొక్కని పచ్చడిలా తినకూడదు గదా!

మీరు ఏమీ నాటకపోతే ఆ జాగాలో తనంతట తనే మొలిచేది వయ్యారిభామ. 1950లలో పూనా దగ్గర మొదట కనిపించి దేశమంతా అల్లుకుంది. క్యారట్ ఆకులాంటి ఆకు, గుండుసూది తలల్లాంటి తెల్లపూలు. దీన్ని తాకితే కొందరికి మెడ, మోచేతి మడతలు, కనురెప్పలు ఎర్రబడి దురదపెట్టి చర్మం మందమవుతుంది. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెరగవచ్చు. వానపడి నేల మెత్తబడినప్పుడు, పూత రాకముందే, చేతులకి తొడుగులు వేసుకుని వేళ్ళతో సహా లాగెయ్యండి. చర్మం పడనివారు ఆ పనికి దిగవద్దు.

చెట్ల విషయంలో మునిసిపాలిటీవారు కూడా పొరపాటు పడతారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి విశాఖపట్నంలో చెట్లు కూలిపోయాక త్వరగా పెరుగుతాయని ఏడాకుల పాల చెట్లు విరివిగా నాటారు. అక్టోబరు, నవంబరు నెలల్లో అవి పూస్తే ఆ ఘాటు వాసనకి తలనొప్పి, తుమ్ములు, ఆయాసం అని జనం మొరపెట్టుకున్నారు. కోనోకార్పస్‌ని గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది. ఈ కోనోకార్పస్ గురించి ప్రచారంలో ఉన్న భయాలన్నీ రుజువైనవి కావని నా అభిప్రాయం. కాని మన ఇంట్లో ఉబ్బసం రోగి ఉన్నప్పుడు గేటు పక్కనే పెట్టి పరీక్షించవలసిన అవసరమూ లేదు.

మరి ఏం వెయ్యాలి? గేటుకి అటూ ఇటూ మందారం, నూరువరహాలు, పారిజాతం. పూజకి పూలకి లోటుండదు, మామగారికీ తృప్తి. కరివేపాకు ఒకటి వేస్తే వీధివాళ్ళంతా తుంచుకుపోతారు, అయినా మీకు మిగులుతుంది. గోరింట మొండిది, ఎండకి ఓర్చుకుంటుంది, గుబురుగా పెరుగుతుంది. ఆషాఢంలో ఆకు దూసుకోండి, కాని పసికందుల చేతులకి పెట్టకండి. కొందరు శిశువులకి పుట్టుకతో ఉండే ఒక లోపం వల్ల రక్తకణాలు విరిగి కామెర్లు వస్తాయి. పైన కరెంటు తీగలు లేకపోతే ఒక కానుగ చెట్టు నాటండి. దాని గింజ కూడా తినేది కాదు, ఆ మాట పిల్లలకి చెప్పండి. కాని దాని నీడ విలువ పెద్దది. 2015 మేలో వడగాడ్పులకి ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. మిట్టమధ్యాహ్నం కూరల బండి తోసుకొచ్చే ముసలాయన మీ గేటు ముందు రెండు నిమిషాలు నీడన నిలబడగలిగితే అది వైద్యం కిందే లెక్క.

మునగ ముంగిట్లో వద్దని పెద్దలంటారు. ఎందుకన్నారో గాని నాకు కనిపించే కారణాలు రెండు. కొమ్మ పెళుసు, గాలికి విరిగి పడుతుంది. వానాకాలంలో చెట్టునిండా గొంగళి పురుగులు పడతాయి, కిందినుంచి పోయేవారికి దద్దుర్లు. తోటకూర, పాలకూర లాంటివి కూడా ఈ జాగాలో వద్దు. పక్కనే మురుగు కాలువ, ఆ నీళ్ళే పోస్తారు. నులిపురుగుల గుడ్లూ టైఫాయిడ్ క్రిములూ ఆకుకూరతో ఇంట్లోకి వస్తాయి. పెట్రోలులో సీసం కలపడం మనదేశంలో 2000 సంవత్సరంలో మానేశారు గాని, పాత రోడ్ల అంచున మట్టిలో పడిన సీసం అక్కడే ఉంటుంది.

మొక్కలు వేస్తే దోమలు పుడతాయని కొందరి భయం. దోమ పుట్టేది నీళ్ళలో, మొక్కలో కాదు. కొబ్బరిచిప్ప, పగిలిన కుండ, మొక్కచుట్టూ పెట్టిన డబ్బా, వీటిలో నీళ్ళు వారం నిలిస్తే డెంగీ దోమ తయారు. పొద లోపలి చల్లదనంలో పగలు దాక్కుంటుంది కనక అడుగున ఒక అడుగు ఎత్తు దాకా కొమ్మలు కత్తిరించి గాలి ఆడనివ్వండి. పాములకీ ఎలకలకీ కూడా అదే మందు. ఇక తులసి, నిమ్మగడ్డి నాటితే దోమలు పారిపోతాయన్న మాట నమ్మి తెర కట్టుకోవడం మానెయ్యకండి. మలుపు దగ్గర, గేటు పక్కన మోకాలెత్తు మించిన పొద ఉంచవద్దు. బంతి వెనక పరుగెత్తే పిల్లవాడు మోటారుసైకిలువాడికి కనబడాలి.

పశువుల బాధ తప్పించుకోవడం ఎలా అంటారా? మొదటి రెండేళ్ళు వెదురు తడిక కట్టండి. ఒక తడికకి అయ్యే ఖర్చుకి భయపడి విషపు మొక్క నాటుకోవడం లెక్క ప్రకారం కూడా నష్టమే.

ఇప్పటికే ఇంటిముందు పచ్చగన్నేరు ఉన్నవారు కొట్టించేటప్పుడు కూలివారికి చేతి తొడుగులు ఇవ్వండి, పాలు కళ్ళలో పడకుండా చూసుకోమనండి. ఆ కర్రలు పొయ్యిలోకి పనికిరావు, పొగ కూడా మంచిది కాదు. పళ్ళు తోముకోవడానికి పుల్ల కూడా విరవవద్దు. ఆకూ కొమ్మా పశువులు తిరిగేచోట పారేయకుండా గొయ్యి తీసి పూడ్చండి. వాడిన ఆకుని పశువు పొరపాటున గడ్డితో కలిపి తింటుంది. రాలిన టెంకలు నాలుగైదు వారాలపాటు ఏరుతూ ఉండండి, ముఖ్యంగా మొదటి వానలు పడ్డాక. మట్టిలో కూరుకుపోయినవి అప్పుడే మొలకెత్తుతాయి.