గోమర్ పైల్ రెండు గొంతులు

పోయిన టర్మ్ పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు నన్ను సూటిగా అడిగారు. "మేడమ్, మావాడికి మార్కులు వస్తున్నాయి, గ్రామర్ కూడా పర్వాలేదు. కానీ నోరు తెరిస్తే ఇంగ్లీషులో కూడా తెలుగే వినిపిస్తోంది. ఆ యాక్సెంట్ ఎప్పటికి పోతుంది?" ఆయన అడగడంలో తప్పు లేదు. ఇంగ్లీష్ మీడియంలో చేర్పించి, ఫీజు కట్టి, ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న మనిషి. వెనక లైన్లో ఇంకా పదిమంది నిలబడి ఉన్నారు. "ప్రాక్టీస్ చేయిస్తాం సార్" అని సర్దిచెప్పి పంపించేశాను. ఇంటికెళ్లాక ఆ జవాబు నాకే నచ్చలేదు.

ఈ నెల తెలుగు పేజీ రాసే వంతు నాది కాబట్టి ఆరోజు చెప్పాల్సింది ఇప్పుడు చెప్తాను. దానికి ముందు మీకొక అమెరికన్ టీవీ హాస్యనటుణ్ణి పరిచయం చెయ్యాలి. పేరు జిమ్ నేబర్స్. మన దగ్గర ఆ పేరు విన్నవాళ్లు తక్కువే. నేనూ బీఈడీలో ఉండగా, లిజనింగ్ ప్రాక్టీస్ కోసం రకరకాల ఇంగ్లీష్ యాసలు వెతుక్కుంటూ అనుకోకుండా ఆయన దగ్గర ఆగాను. అప్పటికే ఆయన పోయారు. 2017 నవంబర్ 30న హవాయిలో, 87 ఏళ్ల వయసులో.

నేను చూసిన మొదటి క్లిప్‌లో ఒక పెట్రోల్ బంకు కుర్రాడు ఉన్నాడు. తలమీద టోపీ, నోరంతా తెరిచిన నవ్వు. మాట మొదలుపెడితే ఒక్కో అక్షరాన్నీ సాగదీసి సాగదీసి, ముక్కులోంచి పలుకుతున్నాడు. ఏ చిన్న విషయం విన్నా కళ్లు పెద్దవి చేసి "గా...లీ!" అంటాడు. సగం మాటలు నాకు అర్థం కాలేదు. తర్వాతి క్లిప్‌లో అదే ముఖం పాట అందుకుంది. గంభీరమైన గొంతు, గుండ్రటి అచ్చులు, ప్రతి మాటా చెక్కినట్టు స్పష్టంగా ఉంది. మన సినిమాల అలవాటు కొద్దీ, "పాట ఎవరో వెనకనుంచి పాడారు, ఈయన పెదవులు కదిపాడు" అనుకున్నాను. కాదట. రెండూ ఆయన గొంతులేనని తెలిశాక ఆ రెండు క్లిప్పులూ మళ్లీ మళ్లీ చూశాను. హాస్టల్లో నా రూమ్‌మేట్ విసుక్కునేదాకా.

నేబర్స్ పుట్టింది 1930 జూన్ 12న, అలబామా రాష్ట్రంలో సిలకాగా అనే చిన్న ఊళ్లో. ఆ ఊరు తెల్లటి పాలరాయికి పేరు పడింది. తండ్రి పోలీసు. స్కూల్లో, చర్చిలో పాడుతూ పెరిగాడు, అలబామా యూనివర్సిటీలో చదివాడు. ఆ తర్వాత చేసిన ఉద్యోగాలు చూస్తే ఈయన టీవీలోకి వస్తాడని ఎవరూ అనుకోరు. న్యూయార్క్‌లో ఐక్యరాజ్య సమితిలో టైపిస్టు. ఆ తర్వాత టెనెసీలో ఒక టీవీ స్టేషన్లో ఫిల్ము కత్తిరించి అతికించే పని. ఆస్తమా వల్ల లాస్ ఏంజెలెస్ వెళ్లి అక్కడ ఎన్‌బీసీలోనూ అదే పని. ఆయాసంతో ఊరు మారిన మనిషే తర్వాత పెద్ద గాయకుడయ్యాడు.

పగలు ఫిల్ము కత్తిరించి, సాయంత్రాలు శాంటా మోనికాలో 'ది హార్న్' అనే చిన్న క్లబ్బులో స్టేజీ ఎక్కేవాడు. అక్కడ చేసిందంతా ఆ రెండు గొంతుల మీద నడిచిన ఐటమే. మాట్లాడితే అలబామా పల్లెటూరి యాస, జనం పడీపడీ నవ్వేవారు. పాట మొదలుపెడితే హాలంతా నిశ్శబ్దం. ఆండీ గ్రిఫిత్ ఆ ఐటమ్ చూసి తన టీవీ సీరియల్లో పెట్రోల్ బంకు పనివాడు గోమర్ పైల్ వేషానికి తీసుకున్నాడు. గ్రిఫిత్ కూడా దక్షిణాదివాడే, నార్త్ కరోలినా మనిషి. ఆ యాసను ఎక్కడ నవ్వుకోవాలో, ఎక్కడ గౌరవించాలో తెలిసినవాడు. 1962లో ఒక ఎపిసోడ్ కోసం వచ్చిన గోమర్ అక్కడే ఉండిపోయాడు.

ఆ సీరియల్లో గోమర్ మొదటిసారి పాడే ఎపిసోడ్ 1964 నాటిది. ఊరి బృందగానంలో సోలో పాడాల్సింది డిప్యూటీ బార్నీ. అతనికి పాటంటే ప్రాణం, గొంతు మాత్రం అంతంతే. ఒకరోజు గోమర్ పాడుతుంటే మాస్టారు చెవిన పడింది, సోలో గోమర్‌కి మారిపోయింది. బార్నీ ముఖం వాడిపోయింది. అది గోమర్‌కి తెలిసింది. కచేరీ టైముకి "నా గొంతు పోయింది" అని నాటకమాడి పక్కకి తప్పుకున్నాడు. మనలో ఎంతమందిమి స్టేజీ అలా వదులుకోగలం? మా ఆన్యువల్ డే రిహార్సల్స్‌లో ముందు వరసలో నిలబడ్డానికి పిల్లలు పడే పోట్లాటలు తీర్చేటప్పుడల్లా నాకు ఈ ఎపిసోడ్ గుర్తొస్తుంది. (పిల్లలే కాదు, మీలో కొందరు కూడా గుర్తొస్తారు. ఏమీ అనుకోకండి.)

జనానికి గోమర్ ఎంత నచ్చాడంటే, 1964లో అతని పేరుతోనే కొత్త సీరియల్ మొదలైంది. పల్లెటూరి పెట్రోల్ బంకు కుర్రాడు మెరైన్ సైన్యంలో చేరతాడు. అక్కడ సార్జెంట్ కార్టర్ అనే శిక్షకుడు అతన్ని దారికి తేవడానికి ఐదేళ్లపాటు గొంతు చించుకుని అరుస్తూనే ఉంటాడు. ఆ కార్టర్ పాత్ర వేసిన ఫ్రాంక్ సటన్ లేకపోతే గోమర్ సగమే. ఐదు సీజన్లు, 150 ఎపిసోడ్లు, ప్రతి సీజనూ అమెరికా టాప్ టెన్‌లోనే. అవి వియత్నాం యుద్ధం ముమ్మరంగా సాగిన రోజులు. సైనికుల సీరియల్ అయినా ఆ యుద్ధం మాటే ఎత్తలేదు. అది నాకు నచ్చని సంగతి. సోషల్ చెప్పే మా సహోద్యోగిని అయితే ఆ ఒక్క కారణంతో ఈ సీరియల్ చూడనంటుంది.

నాకు ముఖ్యమైనది కార్టర్, గోమర్‌ల జత. మొదట చూసినప్పుడు అందరిలాగే గోమర్ యాసకి నవ్వాను. నాలుగైదు ఎపిసోడ్లయ్యాక గమనించింది ఏమిటంటే, నవ్వు చివరికి వెళ్లి పడేది గోమర్ మీద కాదు, కార్టర్ మీద. అరిచేవాడి మీద. గోమర్ అబద్ధమాడడు, ఎవరినీ కించపరచడు, ఎంత తిట్టినా సార్జెంట్ మీద అభిమానం తగ్గించుకోడు. నెత్తిన పెట్టుకున్న పెద్దరికం కాపాడుకోలేక కార్టర్ జారి పడుతూ ఉంటాడు. టీచర్‌గా పనిలో చేరాక ఆ సీరియల్ నవ్వుతూ చూడటం కష్టమైంది. క్లాసులో నేను నిలబడేది కార్టర్ నిలబడ్డ చోటే కదా.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను చేరిన మొదటి ఏడాది ఒక బాబు నిలబడి పాఠం చదువుతూ 'ఎగ్'ని 'యెగ్' అన్నాడు, అదే ఊపులో 'ఎవ్రీ'ని 'యెవ్రీ' అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదని చెప్పలేను. పెదవులు బిగపట్టాను, కానీ వాడు నా ముఖం చూశాడు. ఆ తర్వాత ఏడాదంతా వాడు చెయ్యి ఎత్తలేదు. అడిగితే ఎస్ మేడమ్, నో మేడమ్, అంతే. వాడు రాసిన పేపర్లు చూస్తే ఇంగ్లీష్ బాగా వచ్చని తెలుస్తుంది. ఆ ఇంగ్లీష్ వాడి నోట్లోంచి బయటికి రాకుండా చేసింది మాత్రం ఆ ఒక్క నిమిషమే. తర్వాత విడిగా పిలిచి సారీ చెప్పాను. "పర్లేదు మేడమ్" అన్నాడు. చెయ్యి మాత్రం ఎత్తలేదు.

వాడు చేసింది నిజానికి తప్పు కూడా కాదు, ఆలోచిస్తే. తెలుగులో 'ఎవరు' అని రాస్తాం, 'యెవరు' అని పలుకుతాం. 'ఒకటి' అని రాసి 'వొకటి' అంటాం. ఎ, ఒ లతో మొదలయ్యే మాటలకి ముందు య, వ చేర్చుకోవడం మన నాలుకకి ఊహ తెలియక ముందే అబ్బిన అలవాటు. ఇంట్లో విన్న భాషను చక్కగా పట్టుకున్న చెవి కాబట్టే 'యెగ్' అన్నాడు. అమెరికాలో దక్షిణాదివాళ్లకీ ఇలాంటివే ఉన్నాయి. వాళ్లలో చాలామంది 'పెన్'నీ 'పిన్'నీ ఒకేలా పలుకుతారు. 'రైడ్' వాళ్ల నోట 'రాడ్'కి దగ్గరగా వినిపిస్తుంది. పుట్టింది ఇంగ్లీషులోనే అయినా వాళ్లూ ఉత్తరాది ఊళ్లకి వెళ్తే వెక్కిరింతలు తప్పవు. మన సినిమాల్లో ఏ జిల్లా యాసని ఏ రకం పాత్రలకి పెట్టారో గుర్తుచేసుకుంటే ఈ సంగతి మనకి ఎవరూ వివరించనక్కర్లేదు.

అంటే ఉచ్చారణ నేర్పక్కర్లేదు అనడం లేదు. నా జీతం అందుకే. అర్థం మారిపోయే చోట నేను గట్టిగానే పట్టుకుంటాను. 'షిప్'కీ 'షీప్'కీ తేడా రావాలి. 'ప్రెజెంట్' అనే మాటలో ఒత్తు ముందు పడితే బహుమతి, వెనక పడితే సమర్పించడం. 'జిప్' అనేటప్పుడు మన 'జ' పలికితే చాలదు, బుసకొట్టే ఆ ధ్వని కావాలి. మాట చివరి హల్లు మింగేయకూడదు, దాని పక్కన 'ఉ' చేర్చి 'బుక్కు' అనీ అనకూడదు. వీటికి రోజూ పది నిమిషాలు డ్రిల్లు చేయిస్తున్నాను, చేయిస్తాను. కానీ 'మన తెలుగు వినిపించకూడదు' అనేది వేరే కోరిక. అర్థమయ్యేలా మాట్లాడటం ఒకటి, ఎక్కడివాడో తెలియకుండా మాట్లాడటం మరొకటి. మొదటిదానికి నేను పూచీ. రెండోదానికి పూచీ పడను. పడగలిగినా పడను.

నేబర్స్ దగ్గర నేను నేర్చుకున్నది ఇదే. పాటలో ఆయనకి యాస దాదాపు వినిపించదు. పాటకి కావలసిన ఇంగ్లీష్ సాధన చేసి సంపాదించుకున్నాడు. దానికోసం అలబామా గొంతుని చంపుకోలేదు. స్టేజీ మీద దాన్ని కాస్త ఎక్కువ చేసి చూపించిన మాట నిజమే, నవ్వుల కోసం. అది కూడా అచ్చంగా అమాయకమైన వ్యాపారం కాదు. అయినా ఏ గొంతు ఎప్పుడు వాడాలో తేల్చుకున్నది ఆయనే. ఇంకొకరు నవ్వారని నోరు మూసుకోలేదు.

1972లో ఇండియానాపొలిస్ కార్ల రేసుకి వెళ్తే పాడమన్నారు. జాతీయగీతం కాబోలు అనుకున్నాడట. కాదు, రేసుకి ముందు ఇండియానా రాష్ట్రం మీద ఒక పాట పాడే ఆనవాయితీ ఉంది, అదీ పాడాలన్నారు. మాటలు చేతిమీద రాసుకుని పాడానని తర్వాత ఆయనే చెప్పాడు. ఈయన పుట్టింది అలబామా, తర్వాత స్థిరపడింది హవాయి, ఇండియానాతో చుట్టరికమే లేదు. అయినా 2014 దాకా ఇంచుమించు ప్రతి ఏడాదీ మే నెలలో, లక్షల మంది ముందు, సొంతూరికి తిరిగొచ్చానని పాడే ఆ పాటకి ఆయనే గొంతయ్యాడు. మధ్యలో కాలేయం మార్చే ఆపరేషన్ జరిగింది, గుండెకి ఆపరేషన్ జరిగింది. 2014లో ఇదే ఆఖరిసారి అని చెప్పి పాడినప్పుడు ఆయనకి ఎనభై నాలుగేళ్లు నిండవస్తున్నాయి. ఆ వీడియో చూడండి. గొంతు కొంచెం వణుకుతుంది, జనం మాత్రం లేచి నిలబడతారు.

అన్నట్టు, మెరైన్లు ఆయన్ని కోప్పడలేదు. సైన్యంలో పని చెయ్యకపోయినా, 2001లో గౌరవ మెరైన్‌గా చేర్చుకున్నారు. ఆ తర్వాత ప్రమోషన్లు ఇచ్చి 2013లో సార్జెంట్ హోదా ఇచ్చారు. చివరికి గోమర్ కూడా కార్టర్‌లాగే సార్జెంట్ అయ్యాడు.

ఆ నాన్నగారు ఈ పేజీ చదువుతారో లేదో తెలియదు. చదివితే ఒకటే మనవి సార్. రాత్రి మీవాడు ఇంగ్లీష్ పాఠం పైకి చదువుతుంటే పక్కన కూర్చోండి. తప్పులుంటే నోట్‌బుక్ వెనక పేజీలో రాసి పంపండి, నేను చూసుకుంటాను. చదువుతున్నంతసేపూ మధ్యలో ఆపొద్దు, ఇంట్లో ఎవరినీ నవ్వనివ్వొద్దు. వచ్చే మీటింగ్‌కి ఆ రెండు క్లిప్పులూ నా ఫోన్లో ఉంటాయి. అడిగితే చూపిస్తాను. లైన్ ఎంత పొడుగున్నా సరే.