మా పిల్లలు బతకడం ఒక చిక్కుప్రశ్న

మా మీద పరిశోధనలు కొత్త కాదు. మేం ఎంతమందిమి, ఎంతమందిని కంటాం, ఎన్ని పెళ్లిళ్లు చేసుకుంటాం, బడికి పోతామా మదర్సాకు పోతామా, పోలియో చుక్కలు వేయిస్తామా తలుపులేసుకుంటామా - అన్నీ అడిగారు, రాసుకున్నారు, పట్టాలు పుచ్చుకుని పోయారు. 'అభివృద్ధి చెందుతున్న దేశాల్లో విద్య, ఆరోగ్యం, పర్యావరణం' అనే పెద్ద గొడుగు కింద మాదొక అధ్యాయం. వెనకబాటుతనానికి ఉదాహరణ కావలసిన ప్రతిచోటా మేం హాజరు. ప్రశ్న తయారుచేసే చోట మాత్రం మేం లేం.

ఒక్క లెక్క సంగతి చెప్తాం.

చదువు తక్కువ, డబ్బు తక్కువ ఉన్నచోట పసిపిల్లలు ఎక్కువ చనిపోతారు. ఇది ఆరోగ్యశాస్త్రం ఒప్పుకున్న సూత్రం. మన దేశంలో హిందువులతో పోలిస్తే ముస్లింలకు ఆ రెండూ తక్కువే. మరి మా పిల్లలే ఎక్కువ చనిపోవాలి కదా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల లెక్కలు అలా రాలేదు. ఐదేళ్లు నిండకుండా చనిపోయే పిల్లలు ముస్లింలలో 18 శాతం తక్కువని తేలింది. నూటికి దాదాపు ఇద్దరు పిల్లలు ఎక్కువగా బతుకుతున్నారు. సోనియా భలోత్రా, క్రిస్టీన్ వాలెంటె, ఆర్థర్ వాన్ సోయెస్ట్ అనే ముగ్గురు ఆర్థికశాస్త్రవేత్తలు 2010లో ఈ సంగతి అచ్చువేశారు. ఆ వ్యాసం శీర్షికలోనే దీన్ని 'పజిల్' అన్నారు.

మా పిల్లలు చచ్చిపోతే అది పజిల్ కాదు. బతికితే పజిల్!

ఆ ముగ్గురి మీద మాకు కోపం లేదు. లెక్క ఎదురుతిరిగినా దాచకుండా చెప్పారు. ముస్లిం అనగానే కింది గడిలో వేసేసుకునే అలవాటుంది చూశారూ, మా కోపం దాని మీద. చదువు, ఆదాయం, ఊరు, పట్నం - చేతికందిన అంశాలేవీ ఆ ముడి విప్పలేకపోయాయి. 2018లో మైకేల్ గెరూసో, డీన్ స్పియర్స్ అనే మరో ఇద్దరు విప్పారు. జవాబు పెద్ద రహస్యమేం కాదు. పాయిఖానా.

ఆ సర్వేలు 1992 నుంచి 2006 మధ్యవి. స్వచ్ఛ భారత్ ఇంకా రాలేదు. ఆనాడు హిందూ కుటుంబాలకన్నా ముస్లిం కుటుంబాలు మరుగుదొడ్డి వాడటం 40 శాతం ఎక్కువ. బయలు మలంలోని క్రిములు నీళ్లలోకి, మట్టిలోకి, ఈగల కాళ్లమీదుగా అన్నంలోకి వస్తాయి. పసివాడికి విరేచనాలు పడతాయి. పేగు దెబ్బతిని, తిన్నది ఒంటబట్టదు. ఇక్కడ మన ఇంట్లో దొడ్డి ఉండటం కన్నా పక్కింట్లో ఉండటం ముఖ్యం. మనం ఎంత శుభ్రంగా ఉన్నా పక్కవాడి మురికి మన పిల్లాణ్ణి వదలదు. అందుకే ముస్లింలు ఎక్కువగా ఉండే వాడల్లో కాపురమున్న హిందువుల పిల్లలు కూడా ఎక్కువగా బతుకుతున్నారని ఆ ఇద్దరూ చూపించారు. మా వాడకట్టులో ఉండటం పిల్లలకు ప్రమాదమని ఇల్లు ఖాళీచేసి పోయినవాళ్లు ఈ ఒక్క మాట వినాలి.

ఎనిమిదేళ్లు నలిగిన ఈ ప్రశ్నకు మా అమ్మీలను అడిగివుంటే ఒక పూటలో జవాబు దొరికేది. తిండికి లేకపోయినా పెరట్లో గోనెపట్టా కట్టి మరుగు చేసుకుంటారు ఎందుకని అడగాల్సింది. పర్దా వల్ల ఆడమనిషి పొద్దున్నే చెంబు పట్టుకుని పొలం గట్టుకు పోలేదు. నమాజుకు ముందు తహారత్ లేకపోతే కుదరదు. ఏ పర్దాను మా వెనకబాటుకు గుర్తుగా చూపిస్తున్నారో, ఏ కొమ్ముచెంబు మీద సినిమాల్లో హాస్యం పండిస్తున్నారో, పిల్లలు బతికిన కథలో ఆ రెండూ ఉన్నాయి. పర్దా గొప్పదని మేం చెప్పటం లేదు. దాని సంగతి మా ఆడవాళ్లు తేల్చుకుంటారు, తేల్చుకుంటున్నారు కూడా. అడగలేదని మాత్రం చెప్తున్నాం.

ఇంకో మాట కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆ పొడి దొడ్లను రోజూ ఎత్తి తట్టలో మోసింది ఎవరు? మెహతర్లు. వాళ్లలో దళితులున్నారు, హలాల్‌ఖోర్ ముస్లింలున్నారు. మా పిల్లల్ని బతికించిన చేతుల్లో వాళ్లవీ ఉన్నాయి. వాళ్ల పిల్లలు ఎంతమంది బతికారు? ఈ లెక్క ఏ పరిశోధకుడు తీస్తాడు? మమ్మల్ని 'ముస్లింలు' అని ఒకే మూటగా కట్టినంతకాలం తీయడు. మా జమాత్ పెద్దలకూ ఆ మూటే హాయి.

మూట కట్టడం వల్ల మాకు జరిగిన నష్టం ఊహ కాదు. 2007లో ఉమ్మడి రాష్ట్రం అత్తరు సాయిబులు, తురక కాశ, ఫకీర్లు, ధోబీలు వంటి 14 సమూహాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 2010లో హైకోర్టు కొట్టేసింది. వెనకబాటును తేల్చిన తీరు శాస్త్రీయంగా లేదంది. అదే ఏడాది సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వబట్టి మా పిల్లలు కాలేజీల్లో సీట్లు పొందగలిగారు. ఫకీరు బతుకు మీద, గారడివాడి బతుకు మీద నిలబడే పరిశోధన లేకపోతే వాళ్ల పిల్లవాడి సీటు కోర్టులో ఊగుతుంది. పరిశోధన మాకు కాలక్షేపం కాదు.

మళ్లీ ఆ సర్వే దగ్గరకే రండి. ఒకే తల్లిని ఒకే రోజు రెండు ప్రశ్నలడిగారు. ఎంతమందిని కన్నావు? ఎంతమంది బతికారు? మొదటి జవాబు వేదికలెక్కింది, ఎన్నికల ఉపన్యాసమైంది. రెండోది ఇంగ్లీషు పత్రికలో పడుకుంది. మొదటిదైనా పూర్తిగా చెప్పారా అంటే అదీ లేదు. ముస్లిం స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య 1992-93లో 4.4, 2019-21 నాటికి 2.36. ఈ పతనం ఏ మైకులోనూ వినపడదు. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు పోయేవాళ్లు మూడు శాతమేనని 2006లో సచార్ కమిటీ రాసింది. లౌకికవాద మిత్రుల్లో కూడా ఎంతమంది నమ్మారు?

దొడ్డి మేం కట్టుకున్నాం. మోరీ ఎవరు కట్టాలి? ముస్లింలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో బళ్లు, ఆస్పత్రులు తక్కువని సచార్ చెప్పింది. 15 లక్షల నివాస ప్రాంతాలను పరిశీలించి 2023లో ఇంకో పరిశోధక బృందం కూడా అదే చెప్పింది. చదివినవాళ్లు తలలూపారు. మా గల్లీలో నీళ్లు మాత్రం మునుపటి చోటే నిలబడి ఉన్నాయి.

పరిశోధకులారా, రావద్దని మేం అనం. రండి, చాయ్ తాగి పొండి. ప్రశ్నాపత్రం అచ్చువేసే ముందొకసారి మా ఆడవాళ్ల ముందు చదవండి. దూదేకుల, మెహతర్, ఫకీరు - ఎవరి గడి వాళ్లకు పెట్టండి. తేలింది తేలినట్టు తెలుగులో, ఉర్దూలో మా మొహల్లాకు తెచ్చి వినిపించండి. అలాగే మునిసిపల్ ఇంజనీరుకూ ఒక కాపీ ఇవ్వండి. మోరీ ఎందుకు రాలేదని మేం అడగటానికి పోయినప్పుడు ఆయన బల్ల మీద అది ఉండాలి.